రిచ్‌మండ్ వంతెన

హోబర్ట్, టాస్మానియా

నాన్నా,

నువ్వూ అమ్మా బాగున్నారని తలుస్తాను. మేం కులాసాగానే ఉన్నాం.

మొన్న మీ అల్లుడు రిచ్‌మండ్ అనే ఊరు చూపించాడు. ఇక్కడికి కారులో అరగంట. పాత వీధి, అటూ ఇటూ తెల్లవాళ్లు రెండొందల ఏళ్ల కింద కట్టుకున్న ఇళ్లు. అవన్నీ సరే, నీకు రాయాల్సింది వంతెన గురించి. 1823లో మొదలెట్టి 1825కి ముగించారు. ఆస్ట్రేలియాలో ఇంకా వాడుకలో ఉన్న రాతి వంతెనల్లో ఇదే పాతది. మేమూ దానిమీంచే వెళ్లాం. కిందికి దిగి కమాను గోడ తడిమి చూశాను. ఇసుకరాయి, తేనె రంగు. ఉలి దెబ్బలు చేతికి తగుల్తున్నాయి. నువ్వయితే ఈపాటికి జేబులోంచి టేపు తీసేవాడివి.

కట్టింది కూలికొచ్చినవాళ్లు కాదు, ఓడల్లో తోలుకొచ్చిన ఖైదీలు. కొండ దగ్గర రాయి కొట్టి, బళ్లను వాళ్లే లాక్కొచ్చారట. వాళ్లని కొరడాతో బాదడానికి గ్రోవర్ అని ఒకడు. 1832లో వాణ్ణి చితక్కొట్టి వంతెన మీంచి తోసేశారు. దెయ్యమై తిరుగుతున్నాడంటారు, ఈ ముక్క అమ్మకి చదవకు. ఊళ్లో పాత జైలు కూడా 1825 నాటిదే. ఒంటరి కొట్టులో నిలబడితే రెండు గోడలూ మోచేతులకి తగిలాయి.

ఇదంతా ఇలా మిగిలింది ఎవరో కాపాడారని కాదు. 1872లో సోరెల్ అనే ఇంకో ఊరి దగ్గర నీళ్లకి అడ్డంగా కట్ట రోడ్డు వేశారు, బళ్లన్నీ అటు మళ్లాయి. ఊళ్లో బేరాలు పడిపోయాక పాతవి పీకి కొత్తవి కట్టే అవసరం ఎవరికుంటుంది? మన కళింగపట్నానిదీ అదే కథ కదా. రైలు ఆమదాలవలస మీదుగా పోయింది, ఓడలు విశాఖపట్నం పోయాయి. మరి మనకి లైట్‌హౌస్ తప్ప ఏటి మిగిలింది? ఉప్పుగాలి అంటావు. ఉప్పుగాలి ఒక్కటే కాదులే. పాత గోడల ఇటుకలు ఎవరెవరి పెరళ్లలో ఉన్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఏట్లో కొట్టుకొచ్చే దుంగలు చిక్కుకోకుండా 1884లో వంతెన స్తంభాలకి మొనదేలిన రాతికట్టు చేర్చారు. ఆ అతుకు దగ్గర్నించి తీసిన ఫోటోలు తమ్ముడి వాట్సాప్‌కి పెట్టాను. పాత రాయికి కొత్త రాయిని ఎలా పట్టించారో చూసి చెప్పు. దానికి సున్నమే సరిపోతుందా, లోపల ఇనుము పెట్టి ఉంటారా అని ఇక్కడ మా ఇద్దరికీ వాదన.

నీ కూతురు