చలి అంకె ఒక్కటే వేస్తే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే జిల్లా పేజీలో ఒక అంకె తప్పదు. మన్యంలోని చింతపల్లిలో ఇన్ని డిగ్రీలు, మినుములూరులో ఇన్ని డిగ్రీలు. అది సింగిల్ డిజిట్‌కు పడిన రోజు శనివారమైతే ఇక చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి దాటగానే విశాఖ నుంచి బళ్ళు పాడేరు దగ్గరి వంజంగి కొండ దారి పడతాయి. మబ్బుల సముద్రం చూడాలని వెళ్ళేవాళ్ళకు ఆ అంకె పెద్దగా పనికిరాదు. పక్కన గాలి, మబ్బు, తేమ కూడా వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గాలి. జనవరి తెల్లవారుజామున విశాఖలో 18 ఉంటే ఆ ఎత్తులో 11, 12 ఉండాలి. మరి చింతపల్లిలో 5 ఎలా వస్తుంది? నగరానికి సముద్రం వెచ్చదనం ఉంది, మన్యానికి లేదు. మబ్బు లేని రాత్రి నేల వేడంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట జారి పల్లంలో నిలబడుతుంది. అంటే మీరు వేసే అంకె పల్లానిది. అదే వేళకు వంజంగి కొన మీద రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. గాలి వీస్తే మాత్రం ఆ తేడా ఒంటికి తెలియదు.

పల్లంలో నిలిచిన గాలిలో తేమ ఉంటే అది పొగమంచై లోయను నింపుతుంది, కొండ కొనలు పైకి తేలతాయి. మనం మబ్బుల సముద్రం అనేది దాన్నే. ఉత్తరం నుంచి పొడిగాలి తగిలిన రోజు అంకె బాగా పడిపోతుంది, లోయ మాత్రం తరచూ బోసిగా ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే అంకె 14, 15కు పెరుగుతుంది, మబ్బు కొండనే కప్పేస్తుంది. పైకెక్కినా పక్కవాడి మొహం తప్ప ఏమీ కనబడదు. వాన పడి వెలిసిన రెండు మూడు రోజుల తరువాత, రాత్రి చుక్కలు స్పష్టంగా కనబడుతూ, ఆకు కదలకుండా ఉంటే వెళ్ళాల్సింది ఆ తెల్లవారికే. అంకె 9 అయినా సరే.

డిసెంబరు చివర, జనవరిలో ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆరున్నరకు. దాన్ని అందుకోవాలని రాత్రి ఒంటిగంటకు బయలుదేరితే మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు ఎక్కేది సరిగ్గా నిద్ర ముంచుకొచ్చే వేళ, మంచు చిక్కబడే వేళ. ముందురోజు వెలుతురుండగానే పాడేరు చేరి పడుకోవడం మేలు. లేదా సూర్యోదయం మీద ఆశ వదులుకోండి. ఎండ నేలను వేడెక్కించేదాకా, అంటే ఎనిమిది దాటేవరకూ మబ్బు చాలా రోజులు అలాగే ఉంటుంది. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతుంది, లోబీమ్‌లోనే నడపాలి. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడవడం కాదు, హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయాలి, తేమను లాగేది ఏసీయే. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. వరుసగా బ్రేకు తొక్కిపట్టే ఉంచితే బ్రేకు మాడిన వాసన వస్తుంది, ఆ తరువాత పట్టదు. పగలు దిగితే మాడుగులలో హల్వా కొట్లు తెరిచి ఉంటాయి, అదొక లాభం.

నడకలో ఎక్కువమంది చేసే పొరపాటు, కింద చలికి భయపడి ఉన్నవన్నీ తొడుక్కుని ఎక్కడం. అరగంటలో బనియను తడిసిపోతుంది. పైన ఆగగానే ఆ తడే వణికిస్తుంది. కింద కొంచెం చలేస్తుండగానే నడక మొదలుపెట్టాలి, సంచిలో పొడి బనియను, గాలి ఆపే జాకెట్, మంకీ క్యాప్ ఉంచుకోవాలి. పైకి చేరగానే ముందు బనియను మార్చాలి, ఫొటోలు తరువాత. మనిషికి లీటరు నీళ్ళు, తలకు కట్టుకునే టార్చి. ఫోను లోపలి జేబులో పెట్టండి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. మంచుకు తడిసిన ఎర్రమట్టి దిగేటప్పుడే జారుతుంది, అరిగిన అడుగుల బూట్లు వద్దు.

రాత్రి గుడారంలో ఉండేవాళ్ళకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బొగ్గుల కుంపటి గుడారంలోకి గానీ తలుపులేసిన గదిలోకి గానీ తేకూడదు. పొగ రావడం లేదు కదా అనుకుంటారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గడ్డి మీద నేరుగా పడుకోకండి, పొడుగు ప్యాంటు మేజోళ్ళలోకి దోపండి. తిరిగొచ్చిన వారం, రెండు వారాల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కట్టిన మచ్చ కనబడితే, కొండకు వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పాలి. అది గడ్డిలో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు. ముందే గుర్తిస్తే మందులకు లొంగుతుంది.

కొండ కుదరని ఆదివారానికి పక్షులున్నాయి, కొండకర్ల ఆవ అనే సరస్సులో. పొద్దున్నే వెళ్ళి, రెండు తాటి మొద్దులు జోడించిన దోనెలో కదలకుండా కూర్చుంటే చాలు.

ఊళ్ళోనే ఉన్నదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. జోడుగుళ్ళపాలెం, రుషికొండ, యారాడ దగ్గర సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. వాటిలో పీతలు, చిన్న చేపలు, పువ్వులా విచ్చుకుని తాకగానే ముడుచుకునే ఎనిమోన్లు అనే జీవులు. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తరువాతి ఒకటి రెండు రోజులకు నీరు బాగా తగ్గుతుంది. పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందు దిగి, నీరు మళ్ళీ తిరగగానే వచ్చేయాలి. పచ్చ పాకుడు రాయి మీద కాలు పెట్టకండి. కోను ఆకారపు గవ్వను చేత్తో ఎత్తకండి, కొన్నింటికి విషం ఉంటుంది. ఈ ఆటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ కుదరదు. విశాఖ రేవుకు సర్వే ఆఫ్ ఇండియా వేసే పట్టికలో రోజువారీ సమయాలు ఉంటాయి. మీ పంచాంగం గడిలో తిథి, సూర్యోదయం ఎలాగూ వేస్తున్నారు. వాటి కిందే ఇంకో పంక్తి పడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం