తెల్లారకముందే శాంపిల్ తీయండి

సంపాదకులకు నమస్కారం.

రొయ్యల చెరువుల మురుగు పంట కాలువలో కలుస్తోందని ఊరంతా మొత్తుకుంటుంది. పరీక్షలో మాత్రం నీళ్లు బాగానే ఉన్నాయని తేలుతుంది. ల్యాబ్ తప్పు చేసి ఉండకపోవచ్చు. శాంపిల్ ఏ వేళ తీశారో ముందు అడగాలి.

కాలువ నీటిలోని నాచు ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక అదే తాగేస్తుంది. అందుకే మధ్యాహ్నం ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కనీస హద్దు దాటి కనిపించిన నీళ్లలోనే వేకువన చేపలు తలలు తేలేస్తాయి. ఆక్సిజన్ పరీక్షకు సీసాను బుడగ లేకుండా నింపి, గట్టు మీదే మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడ్ కలపాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లమడ్డి దిగితే లేనట్టే. ఆ రంగు ఊళ్లో ఎవరైనా చూసి పోల్చుకోగలరు.

బీఓడీ, అంటే మురుగును తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె, దాని సీసా సంగతి వేరు. దాన్ని ఐసులో పెట్టి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. జీపులో ఎండకు వదిలేస్తే బ్యాక్టీరియా దారిలోనే మురుగును తినేస్తుంది, అంకె తగ్గి వస్తుంది. రొయ్యల పట్టుబడి రోజున చెరువు నుంచి ముందు తోడే నీళ్లు కాస్త తేటగానే ఉంటాయి. అడుగు బురదతో ఆఖరి నీళ్లు వచ్చే వేళే శాంపిళ్లు పట్టాలి: తూము దగ్గర ఒకటి, కాలువలో దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి.

1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం చెరువు యజమానికి నోటీసిచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు పెట్టాలి. ఇది తప్పితే ఆ రిపోర్టు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఊరివాళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్లిన నీళ్లకు ఎంత కంపున్నా అంతే.

ఇక అధికారులు చెప్పే "మా పరిధి కాదు" అనే మాట. సముద్ర తీరపు చెరువులకు 2005 చట్టం, మిగతా చెరువులకు 2020 రాష్ట్ర చట్టం ఉన్న మాట నిజమే. అయితే నీటి చట్టంలో 'ప్రవాహం' అంటే మనిషి తవ్వినదీ వస్తుంది, కాబట్టి పంట కాలువా వస్తుంది. అందులో మురుగు వదలడాన్ని నిషేధించే 24వ సెక్షన్ ఉంది. చెరువుకు కరెంటు ఆపించే అధికారం 33ఏ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలికి ఉంది.

వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లు మంచినీటి చెరువులు నింపుకుంటాయి. ఆ రోజుల్లోనైనా మండలి వాళ్లు తెల్లారకముందు వచ్చి శాంపిల్ తీసి, తీసిన వేళతో సహా అంకెలను ఊరి సచివాలయం బోర్డు మీద అంటించాలి.

— నీటి పరీక్షల కెమిస్టులు, భీమవరం