హెచ్ఐవీ వైద్యంలో సూదిమందుకూ చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

హెచ్ఐవీ ఉన్నవాళ్లు రోజూ గోలీ వేసుకునే బదులు రెండు నెలలకోసారి సూదిమందు వేయించుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జులైలో సిఫారసు చేసింది. కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ అనే రెండు మందులను ఒకే రోజు పిరుదుల్లో చెరోవైపు ఇస్తారు. అమెరికాలో ఈ జంట మందుకు 2021లోనే అనుమతి వచ్చింది. హెచ్ఐవీ మందులిచ్చే మన ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాలు కూడా దీని గురించి ఆలోచించాలి.

గోలీని నేను తక్కువ చేయడం లేదు. 2004లో ఉచిత మందులు మొదలవకముందు వార్డుల్లో పనిచేసిన నర్సును. ఇప్పుడు రోజుకో గోలీ మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది, అలా ఉన్నన్నాళ్లూ కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు. కష్టమల్లా ఆ డబ్బాను ఇంట్లో పెట్టుకోవడంలోనే. ఊరి బస్సెక్కే ముందు డబ్బా మీది లేబుల్‌ను గోళ్లతో గీకేసే ఆడవాళ్లను చూశాను. గలగలమనకుండా లోపల దూది కుక్కి, బియ్యం డ్రమ్ములో దాస్తారు. మేడారం జాతరకు చుట్టాలతో వెళ్లి, అందరూ ఒకే డేరాలో పడుకోవడంతో అక్కడున్నన్ని రోజులూ గోలీ బయటికి తీయలేకపోయానని ఒకావిడ నాతో చెప్పి ఏడ్చింది. ఇలా మాటిమాటికీ తప్పితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. రోగి అనుమతి లేకుండా హెచ్ఐవీ ఉన్న సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోంది. అత్తగారి కంట డబ్బా పడితే ఆ చట్టం ఏం చేయగలదు?

సూది అందరికీ కుదరదు. ముందు గోలీలతో వైరస్ అదుపులోకి రావాలి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లకు ఇది పనికిరాదు. తేదీ దాటిపోతే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మందు ఒంట్లో కొద్దికొద్దిగా నెలల తరబడి మిగిలే ఉంటుంది, ఆ చాలీచాలని మందుకు వైరస్ లొంగకుండా పోవచ్చు. అందుకే భూపాలపల్లి, ఏటూరునాగారం వాళ్లను రెండు నెలలకోసారి వరంగల్ దాకా తిప్పకూడదు. రిల్పివిరిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. పిల్లల టీకాల కోసం అలాంటి ఫ్రిజ్‌లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నవే. దగ్గర్లోని దవాఖానలో, మామూలు ఇంజెక్షన్ గదిలోనే, అందరితో పాటు వేయాలి. దీనికని వేరే గది, వేరే రోజు పెట్టారంటే ఊరంతటికీ తెలిసిపోతుంది.

కాబోటెగ్రావిర్ జనరిక్ తయారీకి హైదరాబాద్‌లోని అరబిందోకు 2023లోనే లైసెన్సు దక్కింది. మొదట హెచ్ఐవీ సోకకుండా నివారించడానికే పరిమితమైన ఆ లైసెన్సును 2025 జులైలో చికిత్సకూ విస్తరించారు. మన రాష్ట్రంలోని కంపెనీకి ఆ హక్కు ఉన్నప్పుడు ధర మాట్లాడటం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో), రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి తొలి విడతగా వరంగల్‌లో దీన్ని మొదలుపెట్టాలి. ఇంట్లో చెప్పుకోలేని ఆడవాళ్లకు, పుట్టుకతోనే సోకి ఇప్పుడు హాస్టళ్లలో చదువుకుంటున్న పిల్లల్లో వయసు సరిపోయినవాళ్లకు మొదటి అవకాశం ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు, హన్మకొండ