పోలవరం కట్ట లేస్తున్నప్పుడే గాజు తీగ వేయాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పోలవరం ప్రధాన డ్యామ్ గురించి పత్రికల్లో సాగుతున్న చర్చ ఎక్కువగా గడువులు, నిధులు, నిర్వాసితుల పరిహారం చుట్టూ తిరుగుతోంది. అవన్నీ చర్చించవలసినవే. అయితే మట్టి, రాతి కట్ట పూర్తి ఎత్తుకు లేచిన తరువాత ఎంత డబ్బు వెచ్చించినా చేయలేని పని ఒకటి ఉంది. అది కట్ట లోపల ఊటను పసిగట్టే ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ తీగలను, అంటే సన్నని గాజు తీగలను పరచడం. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి, ఉద్యోగ జీవితమంతా గట్ల మీద తిరిగినవాడిగా దాని గురించి రాస్తున్నాను.

మట్టి కట్ట తెగే ముందు చాలాసార్లు లోపల బుంగ పడుతుంది. జలాశయం నీరు సన్నని మట్టిని కొద్దికొద్దిగా వెంట తీసుకుపోతూ దారి చేసుకుంటుంది. దిగువ వాలు మీద చెమ్మగానో, కట్ట అడుగున బురద ఊటగానో అది కంటికి కనిపించేసరికి లోపలి దారి చాలావరకు సిద్ధమై ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెరువు కట్ట కింద మురికి నీరు ఊరుతున్నదని మొదట గుర్తించింది మేము కాదు, అక్కడ గేదెలు మేపుకొంటున్న ఒక పెద్దాయన. ఆ రాత్రంతా ఇసుక బస్తాలు వేసి కట్టను నిలబెట్టుకున్నాం. ఆయన ఆ పూట ఆ వైపు రాకుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాను. 194 టీఎంసీలకు పైగా నీరు నిలిపే జలాశయాన్ని అటువంటి అదృష్టానికి వదలకూడదు.

గాజు తీగ చేసే పని ఇది. తీగ ఒక కొస నుంచి లేజర్ కాంతిని క్షణికమైన తునకలుగా పంపుతారు. గాజులో దారి పొడవునా ఆ కాంతిలో అతి స్వల్ప భాగం చెదిరి వెనక్కి వస్తుంది. అలా వచ్చిన కాంతిలో రంగు మారిన రెండు భాగాలు ఉంటాయి. వాటిలో ఒకటి వేడికి బాగా స్పందిస్తుంది, రెండవది అంతగా స్పందించదు. ఈ రెండింటి నిష్పత్తిని బట్టి అక్కడి ఉష్ణోగ్రత తెలుస్తుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, ఒక మీటరు దూరం పోయి రావడానికి సెకనులో పదికోట్లవ వంతు పడుతుంది. ఆ వ్యవధిని కొలిచి కాంతి ఏ చోటు నుంచి వచ్చిందో లెక్కకడతారు. అంటే కొన్ని కిలోమీటర్ల తీగలో ప్రతి మీటరూ ఒక థర్మామీటరే. దీనికి ఆధారమైన కాంతి గుణాన్ని 1928లో కనిపెట్టిన సి.వి. రామన్ విశాఖపట్నంలో చదువుకున్నవారని గుర్తుచేసుకోవడం నాకు సంతోషం.

కట్ట లోతులో ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు, జలాశయం నీటిది మాత్రం రుతువులతో మారుతుంది. నీరు చొచ్చుకువచ్చిన చోట ఆ మార్పు కట్ట లోపల కూడా కనబడుతుంది. చలిదేశాలలో ఈ తేడా ఎక్కువ కనుక అక్కడ పద్ధతి తేలికగా ఫలిస్తుంది. మన గోదావరి ప్రాంతంలో తేడా తక్కువ కాబట్టి, గాజు పక్కన రాగి తీగ ఉన్న కేబులు వేసి, దానిలో విద్యుత్తు పంపి కాసేపు వేడిచేసే పద్ధతి మేలని నా అభిప్రాయం. నీరు కదులుతున్న చోట వేడి కొట్టుకుపోయి ఉష్ణోగ్రత తక్కువగా పెరుగుతుంది; ఆ తేడాతో ఊట ఉన్న చోటు తెలిసిపోతుంది. ఇదే తరహా గాజు తీగలలో మరో రకం కట్ట కుంగడాన్ని, సాగడాన్ని కూడా కొలుస్తుంది. కట్ట లోపలి నీటి ఒత్తిడిని కొలిచే, విద్యుత్తుతో నడిచే పీజోమీటర్లు పిడుగుల వల్ల పాడవడం మన శాఖలో తెలియనివారు లేరు. కొలిచే గాజుకు ఆ భయం లేదు.

తీగ వేయడంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. కట్ట నడుమ నీటిని ఆపే బంకమట్టి కోర్‌ను అడ్డంగా చీల్చుకుంటూ వేస్తే ఆ తీగ వెంబడే నీరు దారి వెతుక్కునే ప్రమాదం ఉంది. కనుక కోర్‌కు దిగువనున్న ఇసుక ఫిల్టర్ పొరలో, కట్ట పొడవునా, వేర్వేరు ఎత్తులలో వేయాలి. రోలర్ల కింద తెగకుండా చుట్టూ మెత్తని ఇసుక పరచాలి, రెండు కొసలనూ బయటికి తీయాలి, అప్పుడు మధ్యలో ఎక్కడైనా తెగినా రెండు వైపుల నుంచీ చదవవచ్చు. ఈ తీగకూ ఇంటర్నెట్ తీగకూ గాజు రకంలో తేడా ఉన్నా, అతుకువేసే నైపుణ్యం ఒకటే. ఆ పని తెలిసిన కుర్రాళ్లకు మన జిల్లాలలో కొదవ లేదు.

ఇది అన్ని ప్రమాదాలకూ మందు కాదు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట మీదుగా వరద పొర్లి తెగింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఊటను పసిగట్టే తీగ ఈ రెండింటినీ ఆపగలిగేది కాదు. అయినా లోపల ఏం జరుగుతున్నదో తెలియని కట్ట వల్ల ఎంత నష్టమో పోలవరమే మనకు చూపించింది. కట్ట కింద నేలలో ఊటను ఆపడానికి కట్టిన డయాఫ్రమ్ వాల్ అనే కాంక్రీటు గోడ వరదలకు దెబ్బతిన్నప్పుడు, అది ఎక్కడెక్కడ చెడిందో తేల్చడానికి కేంద్ర జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ నిపుణులు వచ్చి పరీక్షలు చేయవలసి వచ్చింది; చివరికి 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టవలసి వచ్చింది.

డ్యామ్‌లలో తగిన పరికరాలు అమర్చడం 2021 నాటి డ్యామ్ భద్రత చట్టం ప్రకారం యజమాని బాధ్యత. అందువల్ల పోలవరం ప్రాజెక్టు అథారిటీ, రాష్ట్ర జలవనరుల శాఖ ఆప్టికల్ ఫైబర్ తీగలను ఇప్పటికే డిజైనులో చేర్చి ఉంటే, ఏ ఎత్తులలో, ఎంత పొడవున వేస్తున్నారో ప్రకటించాలి. చేర్చకుంటే, ఫిల్టర్ పొరల పని ముందుకు సాగకముందే చేర్చాలి. జలాశయం నిండిన తరువాత ఆ రీడింగులను దిగువ గ్రామాలవారు కూడా చూడగలిగేలా వెబ్‌సైటులో ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు,
కొవ్వూరు