సైనిక శాసనానికి గడువు, తనిఖీ ఉండాల్సిందే

సంపాదకులకు,

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం (మార్షల్ లా, అంటే పౌర పాలన స్థానంలో సైన్యం పెత్తనం) ప్రకటించారు. వెంటనే వచ్చిన ఉత్తర్వు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పార్లమెంటు కార్యకలాపాలు, పార్టీలు, సభలు, సమ్మెలు అన్నీ నిషేధం. పత్రికలు, టీవీలు సైన్యం అదుపులోకి. ఉల్లంఘిస్తే వారెంటు లేకుండానే అరెస్టు. విధులకు దూరంగా ఉన్న ట్రైనీ డాక్టర్లు 48 గంటల్లో తిరిగి రావాలని కూడా అందులోనే హుకుం!

కొందరు ఎంపీలు గోడలు దూకి మరీ సభలోకి వెళ్లారు. హాజరైన 190 మందీ దాన్ని ఎత్తేయాలని ఓటేశారు. మెజారిటీ సభ్యులు కోరితే అధ్యక్షుడు తలొగ్గాల్సిందేనని అక్కడి రాజ్యాంగం స్పష్టంగా చెబుతోంది. అందుకే తెల్లవారేలోపు అది రద్దయింది. ఆ నిబంధనే లేకపోతే ఏమయ్యేదో!

ఫిలిప్పీన్స్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 1972లో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ పెట్టిన సైనిక శాసనం 1981 దాకా సాగింది. పత్రికలు మూతపడ్డాయి, ప్రత్యర్థులు జైలుపాలయ్యారు. ఆ చేదు అనుభవంతోనే 1987 రాజ్యాంగంలో 60 రోజుల గడువు, సుప్రీంకోర్టు సమీక్ష చేర్చుకున్నారు.

దేశ భద్రత పేరు చెప్పగానే మనలో చాలామంది సరేననేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. అర్ధరాత్రి తలుపు కొట్టి మనిషిని తీసుకెళ్తే, ఎక్కడున్నాడో అడిగేందుకు ఇంట్లోవాళ్లకు కోర్టు తలుపు తెరిచి ఉండాలి. ఏ అత్యవసర చట్టం తెచ్చినా గడువు, చట్టసభ ఓటు, కోర్టు విచారణ మూడూ అందులో రాసి ఉండాలని పాలకులను గట్టిగా అడగాలి.

– ఒక పాఠకుడు