జర్మనీలోని ఇల్మెనావులో చదువుతున్న బిడ్డకు

మహబూబ్‌నగర్

బిడ్డా,

అక్కడి వలస వ్యతిరేక పార్టీ ఏఎఫ్‌డీ గురించి మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా మనసుకు పట్టలేదు. "ఏఎఫ్‌డీ వాళ్ళ కోపం మన మీద కాదు నాయినా, చదువుకొని నౌకరీ చేసుకునేవాళ్ళను వాళ్ళేమీ అనరు" అన్నావు. అమ్మకు టెన్షన్ పెట్టొద్దని అన్నావేమో తెలియదు. నిజంగానే నమ్ముతున్నావేమోనని రాస్తున్నా.

ఆ పార్టీ గురించి దొరికినంత చదివాను. 2013లో దాన్ని పెట్టినవాళ్ళలో ముందున్నది బెర్న్డ్ లూకే అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్. అప్పుడు వాళ్ళ పేచీ అంతా యూరోతోనే. గ్రీసు అప్పులకు జర్మనీ డబ్బు ఎందుకు పెట్టాలని అడిగారు. ఆ ఏడు 4.7 శాతం ఓట్లొచ్చాయి. పార్లమెంటులోకి పోవాలంటే 5 కావాలి. 2015లో పార్టీ నాయకత్వ పోటీలో లూకేను ఓడించి ఫ్రౌకె పెట్రీ పైకొచ్చింది. పార్టీలో విదేశీయుల మీద ద్వేషం పెరిగిపోతోందని ఆయన బయటికొచ్చేశాడు. అదే ఏడు సిరియా నుంచి, ఇంకా వేరే దేశాల నుంచి లక్షలమంది శరణార్థులు వచ్చారు. ఇక యూరో మాట వెనక్కి పోయింది. 2017లో 12.6 శాతం. ఆ తర్వాత పెట్రీ కూడా ఉండలేక వెళ్ళిపోయింది. 2025 ఫిబ్రవరిలో 20.8 శాతంతో దేశంలో రెండో పార్టీ అయింది. ఆ ఎన్నికల ముందు ‘రీమైగ్రేషన్’, అంటే వలస వచ్చినవాళ్ళను తిరిగి పంపడం, అనే మాటను మ్యానిఫెస్టోలోనే పెట్టారు.

పెట్టినవాళ్ళకే ఆగని పార్టీ, నీ దగ్గరికొచ్చి ఆగుతుందని ఎట్లా అనుకుంటున్నావు? బొంబాయిలో 1966లో బాల్ ఠాక్రే శివసేన పెట్టినప్పుడు మొదట దక్షిణాది వాళ్ళ మీద పడ్డారు. ఆఫీసు ఉద్యోగాలన్నీ వీళ్ళే తన్నుకుపోతున్నారని. కొన్నేళ్ళకు ఆ కోపం ముస్లింల మీదికి, ఉత్తరాది వాళ్ళ మీదికి మళ్ళింది. పొట్టకూటికి బొంబాయి పోయిన పాలమూరోళ్ళ పిల్లవు నువ్వు. ఈ సంగతి మరువకు.

మన తెలంగాణలో మనమూ 1952లో, 1969లో ముల్కీ అని, అంటే నౌకర్లు స్థానికులకే అని, రోడ్డెక్కాం కదా అంటావు. ఎక్కాం. రాసిచ్చిన రక్షణలు అమలు చేయలేదని, మా నౌకర్లు మాకు ఇయ్యమని అడిగాం. అది న్యాయమైన కొట్లాటే. ఆ ఊపులో పక్కింట్లో ఉన్న మాస్టారునో, టీచరమ్మనో కోస్తా నుంచి వచ్చారని ఎవరన్నా తిడితే మాత్రం, అది అప్పుడూ తప్పే.

నువ్వుండే తురింగియా రాష్ట్రంలో 2024 సెప్టెంబరులో ఆ పార్టీయే మొదటి స్థానంలో నిలిచింది, 32.8 శాతంతో. మిగిలిన పార్టీలు చెయ్యి కలపలేదు కాబట్టి గద్దె దక్కలేదు. వాళ్ళకు ఓటేసిన ప్రతివాళ్ళూ చెడ్డవాళ్ళని మాత్రం నేననను. 1990లో రెండు జర్మనీలు కలిశాక మీరున్న ఆ తూర్పు వైపు ఫ్యాక్టరీలు వరసగా మూతబడ్డాయి. వయసు పిల్లలు పడమటికి పోయారు. వలసలతో ఖాళీ అయిన మన పాలమూరు పల్లెల్లాగే అక్కడా ముసలివాళ్ళు మిగిలారు. వాళ్ళ కడుపుమంటకు కారణముంది. దాన్ని నీ తరగతిలో ఉన్న సిరియా పిల్ల మీదికి తోలేవాళ్ళ మీదే నా కోపం.

నువ్వు దిగిన కొత్తలో తన గదిలో చోటిచ్చింది ఆ పిల్లే అన్నావు. ఎవరన్నా ఆమె గురించి తప్పుగా మాట్లాడితే "మేము ఇండియా వాళ్ళం, అట్లాంటి వాళ్ళం కాదు" అని పక్కకు జరగకు. ఆమె నా స్నేహితురాలు అని చెప్పు. రాత్రిపూట ఒంటరిగా స్టేషన్ నుంచి నడవకు, ఇద్దరూ కలిసి రండి.

మీ ఓనరమ్మ ఆ పార్టీకే ఓటేసిందని గది మారతానంటున్నావు. మారకు. నీ జర్మన్ ఇప్పుడు బాగానే ఉంది కదా, ఒకరోజు చాయ్ పెట్టి, ఎందుకేశారమ్మా అని కూర్చొని అడుగు. ఆమె ఏం చెప్పిందో నాకు రాయి.

నీ నాయిన