పాసుపుస్తకం జిరాక్సు పంపుతున్నాను

కొల్లిపర మండలం,
గుంటూరు జిల్లా

చిరంజీవి స్వాతికి నాన్న ఆశీస్సులు.

చదువు అప్పుకు విజయవాడ బ్యాంకులో పొలం కాగితాలు అడిగారన్నావు కదా, పాసుపుస్తకం జిరాక్సు ఇందులో పెట్టాను. అందులో ఎకరం 70 సెంట్లని ఉంటుంది. నిన్న నేనూ బాబాయీ తాడు పట్టి కొలిస్తే ఎకరం 12 సెంట్లే తేలింది. మిగతాది కృష్ణలో ఉంది.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. పసుపు కుళ్లిపోవడం, అరటి పడిపోవడం చూశావు. నువ్వు హాస్టలుకు వెళ్లాక జరిగింది వేరు. ఏరు నిండుగా ఉన్నన్నాళ్లూ ఒడ్డు నిలబడే ఉంది. వరద తీశాకే పడడం మొదలైంది. మన చేలో పైన ఒండ్రు, కింద ఇసుక. ఆ ఇసుకను ఏరు లాగేసింది. నాని బరువెక్కిన పైమట్టికి ఆనిక లేక పెళ్లలుగా విరిగింది. ముందు వేలెడు వెడల్పు నెర్రె కనబడేది, మర్నాటికి అక్కడ అరటిచెట్టు గెలతో సహా ఉండేది కాదు. రాత్రిళ్లు ఆ చప్పుడుకు మీ అమ్మ లేచి కూర్చునేది. అప్పటి నుంచి ప్రతి వరదకూ కొంత పోతూనే ఉంది. చేను నడుమ వేయించిన బోరు ఇప్పుడు ఒడ్డు అంచున ఉంది, కేసింగు పైపు మనిషెత్తున బయటపడింది. మోటారు ముందే విప్పి తెచ్చుకున్నాం, నయం.

నష్టం రాసుకోవడానికి వచ్చినాయన పంట వరకే రాసుకున్నాడు. మీ మామయ్యది ఇంకా చిక్కు. కౌలు ముందే కట్టేశాడు. ఏట్లో పడిన 20 సెంట్లకు తగ్గించమంటే, 'భూమే పోయినవాణ్ని, నేనెవరిని అడగను?' అన్నాడట ఆసామి. ఇద్దరినీ తప్పుపట్టలేం. పసుపు తవ్వకానికి మన చేలోకి పాతికమంది వచ్చేవారు, మొన్న పదిహేనుమందే సరిపోయారు. మిగతావాళ్లు తెల్లవారుజామునే తెనాలి బస్సెక్కి తాపీ పనికి పోతున్నారు.

మేనేజరుగారికి ఎకరం 12 సెంట్ల సంగతి నువ్వే ముందుగా చెప్పు. తీరా చేను చూడడానికి ఎవరైనా వస్తే, లేని భూమి చూపించామన్న మాట పడలేను. అప్పు తగ్గిస్తే తగ్గించనీ, దుగ్గిరాల యార్డులో ఈసారి పసుపు అమ్మాక చూసుకుందాం.

ఆదివారం వస్తే ఒంటరిగా చేలోకి వెళ్లకు. అంచున గడ్డి పచ్చగానే ఉంటుంది, కింద అంతా డొల్ల.

మీ నాన్న